వెస్టర్లీ సెంటార్: బురదలోనూ నిటారుగా నిలిచే పాత పడవ

ఇంగ్లండ్ తీరం వెంట తిరగడానికి సెకండ్‌హ్యాండ్ తెరచాప పడవ కొనేవాళ్లు ముందుగా చూడాల్సింది వెస్టర్లీ సెంటార్‌నే. పొడవు 26 అడుగులు, నీటిలో మునిగేది 3 అడుగులే. 1969 నుంచి 1980 దాకా రెండు వేలకు పైగా తయారయ్యాయి కాబట్టి ఇప్పటికీ దొరుకుతుంది.

దీని బలమంతా అడుగునున్న జంట కీల్స్, అంటే పడవ కిందికి దిగే రెండు బరువైన రెక్కలు. ఆటుకు నీరు తీసినా ఒరగకుండా బురద మీద కూర్చుంటుంది. అందుకే చిచెస్టర్ హార్బర్‌లోనో, ఎసెక్స్ తీరంలోనో నీరు తీసేసే చోట మూరింగ్ (పడవను కట్టేసే చోటు) తీసుకోవచ్చు. మెరీనా (పడవల రేవు) అద్దెతో పోలిస్తే ఎంతో చవక.

లోపం పుట్టేదీ అక్కడే. నేల తగిలిన ప్రతిసారీ బరువు కీల్స్‌ను బయటికి విడదీయాలని చూస్తుంది. వాటి మొదళ్లలో ఫైబర్‌గ్లాస్ పగులుతుంది, బోల్టుల పక్కన నీరు ఊరుతుంది. పడవను ఒడ్డుకెత్తించి తుప్పు చారలు వెతకండి. లోపల నేల పలకలు తీసి, కీల్స్ పైభాగాన్ని అదనపు ఫైబర్‌గ్లాస్ పొరలతో బలపరిచారో లేదో టార్చి వేసి చూడండి. బలపరచకపోతే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. పడవను పరీక్షించే సర్వేయర్ లేకుండా మాత్రం కొనొద్దు.

వేలాడే వినైల్ లోకప్పు వికారమే తప్ప ప్రమాదం కాదు. పాత వోల్వో పెంటా డీజిల్ ఇంజన్ సంగతి వేరు. ఉప్పునీటితో చల్లబడే రకమైతే నీటిదారులు పూడుకుపోతాయి. అరగంట నడిపించి, పొగగొట్టంలోంచి నీరు ధారగా వస్తోందా చూడండి.

గాలికి ఎదురెక్కడంలో ఈ పడవ మందమే. ఇంగ్లండ్ దక్షిణ తీరానికీ ఐల్ ఆఫ్ వైట్ దీవికీ మధ్యనున్న సోలెంట్ జలసంధిలో గాలీ ప్రవాహమూ ఎదురెదురైతే పొట్టి అలలు దీన్ని ఆపేస్తాయి. దాని పడమటి చివరనున్న హర్స్ట్ ఇరుకు దాటాలంటే ప్రవాహం అనుకూలించే వేళ లెక్కగట్టుకునే బయల్దేరాలి.