ట్యూబాను విప్పి మోయాలా, విప్పకుండా మోయాలా: ఏది మేలు?

ట్యూబా వంటి, నోటితో ఊదే పెద్ద ఇత్తడి వాద్యాల విషయంలో వాయించేవారిని బరువు కంటే ఆకారమే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. బీ ఫ్లాట్ స్వరానికి శ్రుతి చేసిన ట్యూబాలో, స్వరం మార్చడానికి వేళ్లతో నొక్కే వాల్వులేవీ నొక్కనప్పుడు గాలి ప్రయాణించే గొట్టం సుమారు 18 అడుగుల పొడవు ఉంటుంది. దానిని ఎన్ని చుట్లు చుట్టినా ఇంచుమించు మీటరు ఎత్తు, అర మీటరుకు దగ్గరగా వెడల్పున్న బెల్ (గొట్టం చివర విచ్చుకున్న నోరు) మిగిలే ఉంటాయి. విమానంలో సామానుగా వేసే పెట్టెకు పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెంటీమీటర్లను చాలా విమానయాన సంస్థలు పరిమితిగా పాటిస్తున్నాయి. మీటరు ఎత్తు, అటూ ఇటూ అర మీటరు చొప్పున ఉన్న పెట్టె ఒక్కటే 200 సెంటీమీటర్లకు చేరుతుంది.

విప్పకుండా మోయడంలో ఒక గొప్ప సుగుణం ఉంది. టంకంతో అతికిన అతుకు వదులు కాదు, గాలి కారదు, వాయించే ముందు బిగించవలసినదేమీ ఉండదు. అయితే బెల్ రేకు పలుచన, పైగా అన్నిటికంటే వెడల్పుగా బయటికి చాచుకుని ఉంటుంది కాబట్టి మొదటి సొట్ట దానికే పడుతుంది. ఆ సొట్టను తప్పించే గట్టి పెట్టె మోతబరువును ఇంకా పెంచుతుంది.

రెండవ మార్గం మర బెల్, అంటే మరతో బిగించి, కావాలన్నప్పుడు విప్పగలిగే బెల్. బెల్ మొదట్లో గొట్టాన్ని కోసి, రెండు అంచులకూ మరలున్న ఇత్తడి ఉంగరాలను టంకంతో అతికిస్తారు. గుండ్రంగా చుట్టిన చిన్న ఇత్తడి వాద్యాలైన ఫ్రెంచ్ హార్న్‌లలో ఇది ఇప్పుడు సర్వసాధారణం. బెల్ విప్పితే వాద్యం చదునైన పెట్టెలో ఇమిడిపోతుంది, చాలామంది దానిని విమానంలో తమతోనే ఉంచుకోగలుగుతున్నారు. ట్యూబాకు అంత లాభం దక్కదు. బెల్ తీసినా మిగిలిన శరీరం పెద్దదే, మోయవలసిన మూటలు ఒకటికి రెండవుతాయి. అయినా చిన్న కారు వెనుక సీటులో పట్టని వాద్యం పట్టేలా కావడం, సొట్ట పడిన బెల్‌ను మాత్రమే విప్పి మరమ్మతుకు పంపగలగడం తక్కువ మేలు కాదని నా అభిప్రాయం.

మూడవ మార్గం భుజాన వేసుకుని వాయించే ట్యూబా రకమైన సూసాఫోన్‌ది. అమెరికా బ్యాండ్ నాయకుడు జాన్ ఫిలిప్ సూసా కోరిక మేరకు 1893లో వాద్యాల తయారీదారు జె. డబ్ల్యు. పెప్పర్ తయారుచేసిన ఈ వాద్యంలో బెల్, భుజం చుట్టూ తిరిగే శరీరం, పెదవులు ఆనించి ఊదే మౌత్‌పీస్ వైపు మెడ గొట్టం వేర్వేరుగా ఊడివస్తాయి. బెల్‌ను చేతితో తిప్పే మరలతో బిగిస్తారు కాబట్టి పనిముట్లేవీ అవసరం లేదు. నడుస్తూ వాయించడానికి పుట్టిన ఏర్పాటు కనుక విప్పడం సులభమే, కానీ శరీరపు వలయం మాత్రం ఎంత విప్పినా చిన్నది కాదు. ఫైబర్‌గ్లాస్‌తో చేసినవి బరువు తగ్గిస్తాయి గానీ పెట్టె పరిమాణాన్ని తగ్గించవు.

అలాంటప్పుడు ఇంకా ఎక్కువ ముక్కలుగా, వాల్వుల భాగాన్ని కూడా విడదీసేలా ఎందుకు చేయకూడదన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. నేను దీనికి ఒప్పుకోను, కారణం వాద్యంలో గాలి ప్రవర్తించే తీరులోనే ఉంది. మౌత్‌పీస్ దగ్గర గాలి ఒత్తిడి హెచ్చుతగ్గులు అత్యంత తీవ్రంగా ఉంటాయి; బెల్ అంచుకు వెళ్లేకొద్దీ అవి బయటి గాలిలో కలిసి నీరసిస్తాయి. అందువల్ల మౌత్‌పీస్ వైపు అతుకులో వెంట్రుకవాసి సందు ఉన్నా స్వరం పలకడమే కష్టమవుతుంది, బెల్ దగ్గర అంతే సందు చేసే నష్టం చాలా స్వల్పం. పైగా వాల్వు లోపల పైకీ కిందికీ కదిలే పిస్టన్‌కూ దాని గొట్టానికీ మధ్య ఖాళీ అతి సూక్ష్మం. ఆ భాగాన్ని మాటిమాటికీ లాగి బిగిస్తే ఎక్కడో ఒకచోట ఒంపు వచ్చి పిస్టన్ పట్టేస్తుంది. ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యంలో ముందుకూ వెనక్కీ జరిపే గొట్టమైన స్లైడును బెల్ భాగం నుండి ఎప్పటినుండో విడదీస్తున్నారు కదా అంటే, ఆ అతుకు గాలి నడిచే దారిలో మౌత్‌పీస్‌కు దూరంగా, స్లైడు దాటాక ఉంటుంది. అక్కడ కదిలే భాగమేదీ రెండు ముక్కలు కాదు.

మర ఉంగరం బరువు వల్ల నాదం మారుతుందని వాయించేవారిలో కొందరు గట్టిగా నమ్ముతారు. ఆ తేడా వాయించేవారి చేతికీ చెవికీ తెలిసినంతగా శ్రోతకు తెలియదని నేను అనుకుంటున్నాను. అయినా ఆ అనుమానం ఉన్నవారు తేలికైన ఉంగరాన్ని ఎంచుకోవడం మంచిది.

కాబట్టి తరచూ ప్రయాణించే హార్న్ వాయించేవారికి మర బెల్ మేలు, ఊరేగింపులకు సూసాఫోన్ మేలు, వాద్యం ఒకే గదిలో ఉండిపోయేవారికి విప్పే అతుకు లేని ట్యూబాయే మేలు. ట్యూబాతో అప్పుడప్పుడూ ఊరు దాటేవారు మాత్రం చేతిలో ఉన్న పాత వాద్యాన్ని కోయించే ముందు బాగా ఆలోచించాలి, ఎందుకంటే ఒకసారి కోసిన బెల్‌ను మునుపటిలా అతికించడం చాలా కష్టం. కొత్తది కొనేటప్పుడే మర బెల్ ఉన్నదాన్ని కోరడం క్షేమం. అందరి మరలూ ఒకే కొలతలో ఉండవు కనుక వేరే తయారీదారు బెల్ దానికి సరిపోతుందని అనుకోకూడదు. మరను వాలుగా ఎక్కిస్తే పళ్లు అరిగిపోతాయి. బెల్‌ను నిటారుగా ఆనించి, మొదట బిగించే దిశకు ఎదురుగా కొద్దిగా తిప్పి, పళ్లు కలిశాకే బిగించాలి.