‘గుడ్’ అని చూపిస్తూనే పోయిన ఎస్ఎస్‌డీ: మార్చిన రెండున్నరేళ్లకు నా అనుభవం

ఎస్ఎస్‌డీ అంటే ల్యాప్‌టాప్‌లో విండోస్, ఫైళ్లు అన్నీ ఉండే డ్రైవ్. అది పోయేముందు నా ల్యాప్‌టాప్ ఎలా ఆగిపోయేదో ముందుగా చెప్తాను. మీది కూడా అచ్చం ఇలాగే ఆగుతుంటే మిగతాది తర్వాత చదవండి, ముందు ఫైళ్లు బయటికి తీసుకోండి.

టైపు చేస్తుంటే ఉన్నట్టుండి అక్షరం పడటం ఆగిపోయేది. మౌస్ బాణం మాత్రం కదులుతూనే ఉండేది. కింద మూలన గడియారం 11:42 అని చూపిస్తే ఇక ఆ 11:42 దగ్గరే నిలిచిపోయేది. డిస్కు లైటు మిణుకుమనడం మానేసి నిలకడగా వెలిగేది. ఒకటి రెండు నిమిషాలకి నీలం తెర వచ్చి దానంతట అదే రీస్టార్ట్ అయ్యేది. తర్వాత నల్ల తెర మీద ‘నో బూటబుల్ డివైస్’, అంటే విండోస్ ఉన్న డ్రైవ్ దొరకట్లేదని. పవర్ బటన్ నొక్కి పట్టుకుని పూర్తిగా ఆపి, పది నిమిషాలు వదిలేసి ఆన్ చేస్తే ఏమీ జరగనట్టు విండోస్ వచ్చేసేది.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, ఆన్‌లైన్ ఫారాలు చేస్తుంటాను. ఇక్కడ చాలా శుభలేఖలు రెండు భాషల్లో అడుగుతారు, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఒడియా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి రోజుల తరబడి కరెంటు లేకపోతే డెస్క్‌టాప్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆ దెబ్బతో 2019లో ఈ ల్యాప్‌టాప్ కొన్నాను. అందులో కంపెనీ పెట్టిచ్చిన 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉండేది. 2023 ఫిబ్రవరి దాకా నన్ను ఒక్కరోజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

ఆగిపోవడం మొదలైంది సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో. దగ్గర్లోని ఒక రిపేరు షాపుకి పట్టుకెళ్లాను. ‘విండోస్ పోయింది, ఫార్మాట్ చేస్తే సెట్ అయిపోద్ది’ అని ఐదొందలు తీసుకుని ఫార్మాట్ చేసిచ్చారు. ఐదు రోజులు బాగానే నడిచింది. ఆరో రోజు మళ్లీ అదే. వాళ్ల మీద కోపం డబ్బుల గురించి కాదు. చావుబతుకుల్లో ఉన్న డ్రైవ్ మీద ఫైళ్లు కాపీ తీయకుండా కొత్తగా విండోస్ రాయడం ఎంత ప్రమాదమో నాకు తెలియదు, వాళ్లకి తెలిసి ఉండాలి. నా పని అంతా డీ డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాను.

తర్వాత నేనే చూడటం మొదలుపెట్టాను. డ్రైవ్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ వేస్తే నీలం గడిలో ‘గుడ్, 91 శాతం’ అని చూపించింది. ఈ ఒక్క మాట నమ్మి మూడు వారాలు పోగొట్టుకున్నాను. డ్రైవ్ బాగుందంటోంది కదా అని ఛార్జరు మార్చాను, యాంటీవైరస్ తీసేశాను, ర్యామ్ మీద అనుమానంతో మెమ్‌టెస్ట్86 ఒక రాత్రంతా నడిపాను. ఉచిత వెర్షన్‌లో నాలుగు పాస్‌లే ఉంటాయి, నాలుగింటిలోనూ ఒక్క తప్పు రాలేదు.

ఆ 91 శాతం దేని గురించో వైజాగ్‌లో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు ఫోన్‌లో చెప్పాకే అర్థమైంది. ‘మావయ్యా, అది చిప్పులు ఎంత అరిగాయో చెప్పే లెక్క. కంట్రోలర్ బాగుందో లేదో అది చెప్పదు’ అన్నాడు. ఎస్ఎస్‌డీలో డేటా ఉండే ఫ్లాష్ చిప్పులు వేరు, వాటిని నడిపించే కంట్రోలర్ వేరు. ఎంత రాశామన్న దాన్ని బట్టి మొదటివాటి ఆయుష్షు ఇంకా ఎంత మిగిలిందో శాతంలో లెక్కేస్తారు. కంట్రోలర్ మధ్యలో బిగుసుకుపోతే ఆ శాతం ఏమీ మారదు. రీస్టార్ట్ చేస్తే డ్రైవ్ కనబడక, పూర్తిగా ఆపితే మళ్లీ కనబడటానికి కారణం కూడా అదే. రీస్టార్ట్‌లో చాలాసార్లు డ్రైవ్‌కి వెళ్లే కరెంటు తెగదు. పూర్తిగా ఆపితేనే తెగి, కంట్రోలర్ మొదటి నుంచి లేస్తుంది. పాత హార్డ్ డిస్కులు పోయే ముందు టకటకమని చప్పుడు చేసి చెప్పేవి. ఎస్ఎస్‌డీ లోపల కదిలేదేమీ లేదు, చప్పుడూ రాదు.

మేనల్లుడే విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిపించాడు. ‘సిస్టమ్’ లాగ్‌లో హ్యాంగ్ అయిన ప్రతి సమయం దగ్గరా 129 నంబరు వరసగా ఉంది. అంటే విండోస్ డ్రైవ్‌ని అడుగుతోంది, జవాబు రావట్లేదు, అందుకని దాన్ని రీసెట్ చేస్తోంది. ఒకటి రెండు చోట్ల 153 కూడా ఉంది, అడిగిన పని మళ్లీ ప్రయత్నించానని దానర్థం. అన్నిటి చివరా 41, సరిగ్గా ఆపకుండా మెషిన్ ఆగిపోయిందని. 41 ఒక్కటే ఉంటే ఏదైనా కారణం కావచ్చు, కరెంటు పోయినా వస్తుంది. 129లు గుంపుగా వచ్చి తర్వాత 41 వస్తే నేనైతే ఇంకో అనుమానం పెట్టుకోను.

‘ఇక దాని మీద చెక్‌డిస్క్ కొట్టకు, స్పీడ్ టెస్టులు చెయ్యకు. ముందు డేటా తీసెయ్’ అన్నాడు. ఈ మాట విన్నందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. చెక్‌డిస్క్ అంటే డ్రైవ్‌లో తప్పులు వెతికే విండోస్ పనిముట్టు, సరిచేసే పనిలో అది డ్రైవ్ మీద రాస్తుంది. పోతున్న డ్రైవ్ మీద కొత్తగా ఏదీ రాయకూడదు. అందుకే విండోస్ బదులు వాడుకోగల ఉబుంటు అనే ఉచిత సిస్టమ్ వేసిన పెన్ డ్రైవ్ పెట్టి దాంట్లోంచి ల్యాప్‌టాప్ లేపాను. అప్పుడు విండోస్ నడవదు, మనకి కావలసిన ఫోల్డర్లు చదవడం తప్ప డ్రైవ్‌కి వేరే పని ఉండదు. ఒక మాట, బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా ఇలా తెరవడం కుదరదు. కొత్త ల్యాప్‌టాప్‌లలో చాలాసార్లు అది దానంతట అదే ఆన్ అయి ఉంటుంది. మెషిన్ బాగున్నప్పుడే ఆ కీ ఎక్కడుందో చూసుకుని కాగితం మీద రాసి పెట్టుకోండి.

కాపీ పెట్టిన ఇరవై నిమిషాలకి డ్రైవ్ మాయం. ఆపి, పది నిమిషాలు ఆగి, మళ్లీ. ఇలా నాలుగు సాయంత్రాలు పట్టింది. ఏది ముందు తీయాలో కాగితం మీద వరస రాసుకున్నాను. మొట్టమొదట రాసింది ఫాంట్లు. డీటీపీ చేసేవాళ్లకి దీని విలువ తెలుసు. పేజ్‌మేకర్‌లో చేసిన అను ఫాంట్ల తెలుగు, ఆకృతి ఫాంట్ల ఒడియా యూనికోడ్ కాదు, అంటే ఏ మెషిన్‌లోనైనా వాటంతట అవే సరిగ్గా కనబడే అక్షరాలు కావు. ఫైలు దక్కి ఫాంటు దక్కకపోతే పెళ్లికూతురి పేరు ఉండాల్సిన చోట పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కనబడతాయి. ఫాంట్లేమో సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఉంటాయి, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేస్తే అవి రావు. ఫాంట్ల తర్వాత ఆ నెల ముహూర్తాల కార్డులు, తర్వాత బాకీల లెక్కలు, చివర్న పాతవి. 2021 నాటి ఒక ఫోల్డరు మాత్రం, దాదాపు నలభై శుభలేఖలు, ఎన్నిసార్లు పెట్టినా మధ్యలోనే ఆగిపోయి రాలేదు.

కొత్తది కొనేటప్పుడు గందరగోళపడింది సైజు దగ్గర కాదు, రకం దగ్గర. ల్యాప్‌టాప్‌లో పెట్టే సన్నటి పట్టీ లాంటి ఎస్ఎస్‌డీని ఎం.2 అంటారు, అది ఆకారం పేరు మాత్రమే. 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు ఉంటే 2280 అంటారు. అదే ఆకారంలో సాటా రకమూ ఉంది, ఎన్‌వీఎంఈ రకమూ ఉంది, మెషిన్‌తో డ్రైవ్ మాట్లాడే పద్ధతులు ఇవి. సాటా రకం మాత్రమే పనిచేసే ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ పెడితే కనబడదు. బంగారు రంగు కొనలో సాటా వాటికి మామూలుగా రెండు కోతలు, ఎన్‌వీఎంఈకి ఎక్కువగా ఒకటే కోత. కానీ కోతని మాత్రమే నమ్మకండి, ల్యాప్‌టాప్ మోడల్ మాన్యువల్‌లో చూసి రూఢి చేసుకోండి. నాది ఎన్‌వీఎంఈ. డబ్ల్యూడీ బ్లూ ఎస్ఎన్570, 500 జీబీ తీసుకున్నాను, నాలుగు వేలకి కాస్త తక్కువ పడింది. మా పిన్‌కోడ్‌కి వారం చూపించింది, మహేంద్రతనయ నది అవతల ఆంధ్రలోని పాతపట్నానికి మూడు రోజులే. మా చెల్లి ఇల్లు అక్కడే, ఆ అడ్రస్ పెట్టి వెళ్లి తెచ్చుకున్నాను. సరిహద్దు ఊళ్లో ఉన్నందుకు ఇలాంటి సుఖం ఒకటుంది.

బిగించడం అరగంట పని. కింది మూతకి పది స్క్రూలు. వెనకవైపువి రెండు కాస్త పొడుగు, తారుమారు చేసి బిగిస్తే పైకి పొడుచుకొస్తాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ స్క్రూ అక్కడే టేపుతో అంటించాను. మూత తీయగానే మొట్టమొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీశాను. డ్రైవ్‌ని పట్టుకునేది ఒకే ఒక్క స్క్రూ, కందిగింజ అంత కూడా ఉండదు. అది తీయగానే డ్రైవ్ అవతలి కొన ఏటవాలుగా పైకి లేస్తుంది. అలాగే ఏటవాలుగా లాగాలి, కొత్తది కూడా అదే వాలులో లోపలికి నెట్టి, తర్వాత కిందికి వంచి స్క్రూ పెట్టాలి. కొన పూర్తిగా లోపలికి వెళ్లిందో లేదో నాకు మొదటిసారి తెలియలేదు, బంగారు రంగు గీత ఇంకా కనబడుతోంది. కొద్దిగా నొక్కితే ఆ గీత మాయమైంది. అప్పుడు నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది.

పాత డ్రైవ్‌ని క్లోన్ (ఉన్నదున్నట్టు మొత్తం కాపీ) చేయలేదు. చదవడానికే నిలబడని డ్రైవ్ నుంచి తప్పులతో సహా కొత్తదానికి తెచ్చుకోవడం ఇష్టం లేక పెన్ డ్రైవ్‌తో విండోస్ కొత్తగా వేశాను. లైసెన్సు మళ్లీ కొనాలేమో అని టెన్షన్ పడ్డాను, అక్కర్లేదు. మెషిన్‌తో వచ్చిన లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, నెట్ కలపగానే యాక్టివేట్ అయిపోయింది.

ఇప్పుడు 2025 అక్టోబరు. ఈ రెండున్నరేళ్లలో ఆ పాత రకం హ్యాంగ్ ఒక్కసారీ రాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో 129 లేదు. దాదాపు 6,000 గంటలు నడిచింది, 9 టీబీ దాకా రాశాను, వాడకం 3 శాతం చూపిస్తోంది. ఈ 500 జీబీ మోడల్‌కి కంపెనీ చెప్పే రాత పరిమితి 300 టీబీ, వారంటీ 5 ఏళ్లు. నా పనికి ఆ పరిమితి చేరడం జరగని పని. మే నెల మధ్యాహ్నాల్లో డ్రైవ్ వేడి 60 డిగ్రీలు దాటింది, కానీ దానివల్ల ఆగింది లేదు. కింద రెండు చెక్క పట్టీలు పెట్టి గాలి ఆడేలా చేశాను, అంతే.

లోటు కూడా చెప్పాలి. పెట్టె మీద వేగం సెకనుకి 3,500 ఎంబీ అని ఉంటుంది, అది చదివే వేగం. రాసే వేగం అంత ఉండదు, పైగా పెళ్లి ఫొటోల ఫోల్డరు ఏ వంద జీబీయో ఒకేసారి వేస్తే మొదట్లో దూసుకుపోయి తర్వాత బాగా నెమ్మదిస్తుంది. ముందు వేగంగా రాసుకునే కొంత చోటు నిండిపోతే ఇలాంటి డ్రైవ్‌లన్నీ అంతే. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు దీన్ని ఆలోచించుకుని కొనాలి. శుభలేఖలు చేసేవాళ్లకి ఆ తేడా తెలియనే తెలియదు.

నడుమ ఒకసారి మాత్రం ప్రాణం లేచిపోయినంత పనైంది. 2024 ఆగస్టులో మళ్లీ నీలం తెర. కొత్తది కూడా పోయిందనుకున్నాను. కానీ ఈసారి తీరు వేరు. ముందు హ్యాంగ్ అవలేదు, నేరుగా నీలం తెరే వచ్చింది. రీస్టార్ట్ అవగానే విండోస్ మామూలుగా లేచింది, డ్రైవ్ మాయం కాలేదు. వచ్చిన ప్రతిసారీ కారణం పేరు మారుతోంది, ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’, ఒకసారి మరొకటి. మెమ్‌టెస్ట్ పెడితే పావుగంటలోనే తప్పులు ఎర్రగా వరస కట్టాయి. తర్వాత నేను అదనంగా వేయించుకున్న 4 జీబీ ర్యామ్ ముక్క తీసేస్తే ఆగిపోయింది. ముందుసారి ఇదే పరీక్ష రాత్రంతా శుభ్రంగా వచ్చింది కాబట్టి ఆ రెండు జబ్బులూ వేరని గట్టిగా చెప్పగలను. నీలం తెర రాగానే ఎస్ఎస్‌డీ ఆర్డర్ పెట్టేయకండని చెప్పేది అందుకే. డ్రైవ్ మాయమవుతోందా లేదా అన్నదే చూడండి.

ఇప్పుడు ప్రతి శనివారం షాపు మూసేముందు ఫాంట్లు, ఆ వారం పని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేస్తున్నాను. కొత్త డ్రైవ్ బాగుందన్న నమ్మకం ఉన్నా మానలేదు, ఎందుకంటే పాతదాన్నీ అలాగే నమ్మాను.

పాత డ్రైవ్‌ని చాలాకాలం సొరుగులోనే ఉంచాను, ఆ నలభై శుభలేఖల కోసం. నాలుగైదు సార్లు ప్రయత్నించాను. చివరిసారి అసలు కనబడనే లేదు. పారేద్దామంటే అందులో కస్టమర్ల ఆధార్ కాపీలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు ఉన్నాయి. చెరిపేద్దామంటే చెరపడానికైనా డ్రైవ్ నిలబడాలి కదా. మొన్న దసరాకి ముందు షాపు దులుపుతున్నప్పుడు కటింగ్ ప్లయర్ తీసుకుని, దాని మీదున్న నల్ల చిప్పులు ఒక్కొక్కటే రెండు ముక్కలుగా విరగ్గొట్టాను.