"ఔట్‌డోర్ సైన్స్ ట్యాబ్‌లు" అని పోస్టు కనిపిస్తే డబ్బు పంపకండి

సైన్స్ లెక్చరర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఉన్నవాళ్లకి ఆ పెద్దమనిషి ఎవరో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే శుభోదయం బొమ్మ, దాని కిందే "ఔట్‌డోర్ సైన్స్ ట్యాబ్‌లు, విద్యాసంస్థలకి స్పెషల్ రేటు" అని పోస్టు. ఆయన దగ్గర కొనకండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లుంటే మిగతా డబ్బు ఆపేయండి. కోపం ఇంకా తగ్గలేదు, వరస తప్పితే సర్దుకుని చదవండి.

మాది ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, నేను బోటనీ చెప్తాను. క్యాంపస్‌లో వేప, కానుగ, వెనకవైపు మోదుగలు, ఒక చిన్న కుంట ఉన్నాయి. ఏటా ఫిబ్రవరిలో ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది కదా, దాంతోపాటు మన దేశంలో విద్యాసంస్థల ఆవరణల్లో పిట్టల్ని లెక్కపెట్టే క్యాంపస్ బర్డ్ కౌంట్ కూడా నడుస్తుంది. ఈసారి మా పిల్లల చేత చేయిద్దామనుకున్నాం. పిట్టల లెక్కకి ఈబర్డ్, కూత విని గుర్తుపట్టడానికి మెర్లిన్, చెట్లకీ పురుగులకీ ఐనాచురలిస్ట్, కానుగ నీడలో ఎంత వెలుతురు, ఎండలో ఎంత అని కొలవడానికి ఫైఫాక్స్. అన్నీ ఉచితంగా దొరికే యాప్‌లే. క్లాసులో అందరి దగ్గరా సొంత ఫోన్లు లేవు, ఆడపిల్లల దగ్గర మరీ తక్కువ. అందుకని పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బుతో 12 ట్యాబ్‌లు కొన్నాం. వాడినవే, బాగుచేసి అమ్ముతున్నవి. ఒక్కోటి ₹5,200, మొత్తం ₹62,400. మా కాలేజీలో చదివి చిన్న చిన్న ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు ఐదొందలు, వెయ్యి చొప్పున వేసిన సొమ్ము అది. నా జేబులో డబ్బైతే ఇంత మండేది కాదు.

కొనేముందు వాట్సాప్‌లో స్పష్టంగా అడిగాను. జీపీఎస్ ఉందా? లైట్ సెన్సార్ ఉందా? ఎండలో స్క్రీన్ కనిపిస్తుందా? "ఆల్ సెన్సార్స్ ఓకే మేడం, ఔట్‌డోర్ కోసమే తెప్పించాం" అని జవాబు, పక్కన బొటనవేలు గుర్తు. స్క్రీన్‌షాట్ నా దగ్గర భద్రంగా ఉంది.

ట్యాబ్‌లు రాగానే స్టాఫ్ రూములో ఒకటి తెరిచి మ్యాప్ చూశాం. నీలం చుక్క సరిగ్గా మా కాలేజీ మీదే పడింది. ఇంకేం, జీపీఎస్ బ్రహ్మాండం అనుకున్నాం. మోసం ఇక్కడే ఉంది, కాస్త జాగ్రత్తగా చదవండి. జీపీఎస్ చిప్ అసలే లేని ట్యాబ్ కూడా చుట్టుపక్కల వైఫైలను పట్టి తను ఎక్కడుందో దాదాపుగా చెప్పేస్తుంది. కాలేజీ వైఫై అందినంతసేపూ అంతా సవ్యంగానే కనిపిస్తుంది. వైఫై దాటి కుంట గట్టుకి వెళ్లాక బయటపడుతుంది అసలు రంగు.

బయటపడింది కూడా. పిల్లలు మోదుగ పూలు ఫోటో తీస్తే మ్యాప్‌లో అవి ఆఫీసు బిల్డింగులో పూశాయి. కుంట దగ్గరి తూనీగ కూడా అక్కడే, జెముడుకాకి కూడా అక్కడే. "మేడం, ప్రిన్సిపాల్ సార్ రూములో పాలపిట్ట వాలిందంట" అని ఒకడు అరిస్తే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కొన్ని ట్యాబ్‌లలో లొకేషన్ గడి ఖాళీగా ఉండిపోయింది. ఐనాచురలిస్ట్‌లో తేదీ, చోటు లేని ఫోటో "క్యాజువల్" అనే గంపలో పడుతుంది, పరిశోధనకి పనికొచ్చే రికార్డు అనిపించుకునే "రీసెర్చ్ గ్రేడ్" దాకా రాదు. తప్పు చోటు పడితే అది ఇంకా పెద్ద తలనొప్పి, ఎందుకంటే రీసెర్చ్ గ్రేడ్ అయిన రికార్డుల్లో చాలావరకు అక్కడితో ఆగవు, జీబీఐఎఫ్ అనే ప్రపంచ డేటా భాండాగారానికి వెళ్తాయి, పరిశోధకులు వాడుకుంటారు. మా ఆఫీసు బిల్డింగులో మోదుగ చెట్టు ఉందని ప్రపంచానికి చెప్పడం ఎందుకని పిల్లల చేత అన్నీ తీసేయించాను. పొద్దంతా ఎండలో తిరిగి పెట్టిన ఎంట్రీలు అవి. ఇక లైట్ సెన్సార్ అంటారా, ఫైఫాక్స్ తెరిస్తే వెలుతురు కొలిచే ప్రయోగమే తెరుచుకోలేదు. ఎండలో స్క్రీన్ సంగతి చెప్పను, మా మొహాలు మాత్రం అందులో చక్కగా కనిపించాయి.

సాయంత్రం ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాను, ఆ మాట దేవుడి మీద ప్రమాణం చేసి చెప్తా.

"బయట లొకేషన్ రావడం లేదండీ."

"బయటంటే ఎక్కడ మేడం?"

"క్యాంపస్‌లోనే, చెట్ల దగ్గర."

"చెట్లకి లొకేషన్ ఎందుకు మేడం? చెట్టేమన్నా పారిపోతుందా?"

పక్కన ఇంకెవరో పగలబడి నవ్వారు. అంటే స్పీకర్ పెట్టి మాట్లాడుతున్నాడన్నమాట. పిల్లలకి చెట్లు చూపించే పిచ్చి మేడం ఒకావిడ ఫోన్ చేసింది, రండి విందాం అని. ఈ ఉద్యోగంలో ఇన్నేళ్లుగా ఉన్నాను, తల్లిదండ్రులతో, అధికారులతో, స్థానిక నాయకులతో కూడా మాటలు పడ్డాను. కానీ డబ్బు తీసుకున్నవాడు నా సబ్జెక్టునే పట్టుకుని ఎగతాళి చేస్తుంటే నోరు పెగల్లేదు. జవాబులు ఇప్పుడు తడుతున్నాయి. చెట్టు పారిపోదు నాయనా, దాన్ని వచ్చే ఏడాది ఇంకో బ్యాచ్ వెతికి పట్టుకోవాలి, ఈ ఏడు ఎప్పుడు పూసింది, వచ్చే ఏడు ఎప్పుడు పూస్తుంది అని పోల్చుకోవాలి, దానికి చోటు కావాలి. ఇప్పుడనుకుని ఏం లాభం? అప్పుడు నేనన్నది "అది కాదండీ" అని మాత్రమే. ఆకు చూసి కుటుంబం పేరు చెప్పే నాకు మనిషి వాలకం మాత్రం అంతుపట్టలేదు.

నవ్వులయ్యాక ఆయనే పెద్దమనసు చేసుకుని ఉపాయం చెప్పాడు. "ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి మేడం, అన్నీ వచ్చేస్తాయి." లేని చిప్ రీసెట్‌తో ఎలా మొలుస్తుందో ఆయనకే తెలియాలి. అయినా ఒకదానికి కొట్టాం. మళ్లీ ఆన్ అయ్యాక తెరమీద "ఈ పరికరం మీ సంస్థకు చెందినది" అని వచ్చి లాగిన్ అడిగింది. ఆ సంస్థ మా కాలేజీ కాదు, ఏదో ట్యూషన్ కంపెనీ! వాళ్లు ఒకప్పుడు తమ విద్యార్థులకిచ్చిన ట్యాబ్‌లట ఇవి. కంపెనీ వేసిన సాఫ్ట్‌వేర్ తాళం తీయించకుండానే పైపైన ఏదో చేసి అమ్మేశాడు. రీసెట్ చేసి నెట్‌కి తగిలించగానే ఆ తాళం మళ్లీ పడిపోతుంది. మిగతా పదకొండూ ఏ రోజు అలా అవుతాయో తెలియదు, వాటిని ముట్టుకోవాలంటేనే టెన్షన్.

మళ్లీ ఫోన్ చేస్తే ఏమన్నాడో తెలుసా? "రీసెట్ కొట్టింది మీరు. సాఫ్ట్‌వేర్ మారిస్తే వారంటీ ఉండదు. బిల్లు వెనక చదువుకోండి." బిల్లు తిప్పి చూశాను. వెనక తెల్లకాగితం. ముందువైపు కూడా "ట్యాబ్‌లు 12" అని తప్ప మోడల్ లేదు, సీరియల్ నంబర్లు లేవు, జీఎస్టీ నంబరు లేదు. తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. గ్రూపులో రాస్తే అడ్మిన్ గారు నా మెసేజ్ తీసేసి "కొనుగోళ్లు సభ్యుల వ్యక్తిగత బాధ్యత" అన్నారు. ఆయన శుభోదయం బొమ్మలు మాత్రం వస్తూనే ఉన్నాయి.

పిట్టల లెక్క ఆగలేదు లెండి. ఫోన్లున్న పిల్లలు లేనివాళ్లతో కలిసి జట్లు కట్టారు. మిగతాది నోటుబుక్కులో రాసుకుని నా ఫోన్‌లోంచి ఎక్కించాం.

ఎవరి దగ్గర కొన్నా సరే, వైఫై ఆఫ్ చేసి ఆరుబయట నిలబడి చూడండి. జీపీఎస్ టెస్ట్ అనే యాప్ పెడితే ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో చూపిస్తుంది, సున్నా అయితే అక్కడే వదిలేసి రండి. ఐప్యాడ్ కొనేవాళ్లకీ ఒక మాట, ఒట్టి వైఫై మోడల్స్‌లో జీపీఎస్ ఉండదు, సిమ్ మోడల్స్‌లోనే ఉంటుంది. అమ్మేవాడి ఎదురుగానే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టించి, నెట్‌కి కలిపి, మామూలుగా తెరుచుకున్నాకే డబ్బివ్వండి. సిమ్ స్లాట్ ఉంటే ఇంగ్లీషులో KYM అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ పరికరానికి మాత్రమే ఉండే ఐఎంఈఐ గుర్తింపు నంబరు రాసి 14422కి మెసేజ్ పెట్టండి, దొంగ సరుకా కాదా అన్నది కొంత తెలుస్తుంది. బిల్లులో ప్రతి పీసు సీరియల్ నంబరూ ఉండాలి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళ్తున్నా. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉన్నచోటే కేసు వేయొచ్చు, కొన్నదానికి ఇచ్చిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. ఇదే మనిషి దగ్గర కొన్నవాళ్లుంటే బిల్లు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు తీసిపెట్టుకుని నాకు మెసేజ్ చేయండి, కలిసి వేద్దాం. అతని చేత ఎవరైనా డబ్బు వెనక్కి కక్కించి ఉంటే అదెలాగో కూడా చెప్పండి.