పాత మట్టిగోడలకు సున్నం గచ్చు: ఏళ్ల తరబడి వాడాక

పాత మట్టి ఇల్లు బాగు చేయించాక పెంకులు, దూలాలు, కిటికీలు తమ పని తాము చేసుకుపోతున్నాయి. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏం లేదు. గోడలు మాత్రం నన్ను సున్నం పిచ్చోణ్ని చేశాయి.

మాకంటే ముందున్నవాళ్లు ఆ మట్టిగోడల మీద సిమెంటు కొట్టించారు. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక మోకాలి ఎత్తు దాకా చవుడు తేలేది. గదిలో అడుగు పెడితే ముక్కిన వాసన. ఎన్ని రంగులు వేసినా వానలు పడగానే పొక్కులే. ఆ సిమెంటంతా ఊడగొట్టించి, గోడల్ని తీరిగ్గా ఆరనిచ్చి, ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుకతో గచ్చు చేయించాను. పైన వెల్ల.

ఆ తర్వాతి వానాకాలానికి వాసన లేదు. వాన పడితే బయటి గోడ ముదురు రంగుకు తిరుగుతుంది, అది చూసి కొత్తవాళ్లు టెన్షన్ పడతారు. ఎండ రాగానే మళ్లీ తెల్లబడుతుంది. పీల్చిన తడిని అంత తేలిగ్గా వదిలేయడమే నాకు ఇందులో నచ్చిన గుణం. ఆ గుణం విలువ తెలిసింది మాత్రం పాడైన చోటే.

బయటి గోడ ఒకదాని మీద, కిటికీ కింద, తలుపు రెక్కంత మేర గచ్చు ఉబ్బింది. వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు. జానెడు పక్కకి జరిగి కొడితే గట్టిగా పలికింది. అదే గోడ, అదే వాన, ఒకే రోజు చేసిన పూత. చూరు కారుతోందేమోనని పెంకులు తీసి చూశాం. కిటికీ చట్రం సందులు చూశాం. ఎక్కడా ఏమీ లేదు. చివరికి ఉలితో అంచు లేపితే అరచేయంత పెచ్చు ఒక్కసారిగా ఊడి వచ్చింది. పైన వెల్ల తెల్లగానే ఉంది, విరిగిన చోట లోపలంతా బూడిద రంగు. పక్క గచ్చు గీకి చూస్తే ఇసుక రంగు. పెచ్చు వెనక మట్టి ఇంకా తడిగా, చేత్తో రాస్తే జారిపోయేలా ఉంది. అప్పటికి వానలు పోయి చాలా రోజులైంది!

మేస్త్రీని పిలిచి చూపిస్తే ఏమాత్రం తడబడలేదు. "ఆ కాస్త దాంట్లో కొంచెం సిమెంటు కలిపాను సార్. పొద్దుపోయింది, వట్టి సున్నం ఎప్పటికి గట్టిపడుద్ది?" అన్నాడు. అతన్ని అని లాభం లేదు. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారాలి. నెలకు సుమారు ఒక మిల్లీమీటరు లోతు అని ఉజ్జాయింపు లెక్క, అదీ తొందరపడి ఎండిపోకుండా నీడపట్టున ఉంచి తడుపుతుంటేనే. చీకటి పడేలోగా పని ముగించాలనుకునే మనిషికి ఆ ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది? కానీ కొంచెం సిమెంటు కలిపిన సున్నం రెంటికీ చెడ్డ రేవడి. సిమెంటు బలం రాదు, సున్నంలా తడీ వదలదు. త్వరగా గట్టిపడాలంటే సురకి, అంటే ఇటుక పొడి, కలపొచ్చు. లేదా హైడ్రాలిక్ సున్నం, అంటే నీళ్లు తగిలితేనే గట్టిపడటం మొదలుపెట్టే రకం, వాడొచ్చు. దాని సంచి మీద 2, 3.5, 5 అని ఉండేవి బలం అంకెలు. మట్టిగోడకి 5 జోలికి పోకపోవడం మంచిది, గోడకన్నా పూత గట్టిదైతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

రిపేరు మాత్రం తేలిగ్గా తేలిపోయింది. ఆ మేర చెక్కేసి, మట్టి ఆరాక నీళ్లు చిలకరించి కొత్త గచ్చు పూశాం. వెల్ల వేశాక అతుకు ఎక్కడుందో వెతుక్కోవాలి. సన్న నెర్రెల్లో కొన్నయితే వాటంతటవే పూడిపోయాయి. వాన నీటికి కరిగిన సున్నం సందులో పేరుకుంటుందట. పూడనివీ ఉన్నాయి లెండి.

ఒకసారి చేయించుకుంటే ఇక చూసుకోనక్కర్లేదని మొదట్లో నలుగురికీ చెప్పేవాణ్ని. వాన కొట్టే వైపు గోడకి వెల్ల మళ్లీ మళ్లీ వేస్తూనే ఉండాలి. ఆనుకుని కూర్చుంటే చొక్కా వీపు తెల్లబడుతుంది. బరువైన అలమరకి మేకు ఈ గచ్చులో నిలవదు, గోడలో చెక్క దిమ్మ పెట్టించాల్సిందే. బీరువా గోడకి ఆనించిన చోట గాలి ఆడక బూజు కూడా పట్టింది. పైన ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే చేసిందంతా దండగ.

పర్యావరణం సంగతా? సున్నపురాయిని 900 డిగ్రీల చుట్టుపక్కల కాలుస్తారు, సిమెంటు బట్టీ 1450 దాకా కాగాలి. రాయి కాలినప్పుడు పోయిన కార్బన్ డయాక్సైడ్‌లో చాలా భాగాన్ని గచ్చు గట్టిపడుతూ వెనక్కి తీసుకుంటుంది. బట్టీలో కాల్చిన బొగ్గు పొగ మాత్రం వెనక్కి రాదు. కూల్చి కొత్తది కట్టే పని తప్పింది చూడండి, నా లెక్కలో అదే పెద్ద ఆదా.

నేను ఆ ఇంట్లోనే ఉంటాను, ఉబ్బు కనిపిస్తే ఆ వారమే చూసుకుంటాను, కాబట్టి నాకు సరిపోయింది. ఎప్పుడో ఓసారి తాళం తీసే ఇంటికైతే ఇంత గట్టిగా చెప్పలేను. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరక్కపోతే మట్టి పూతతోనే సరిపెట్టుకుని చూరు ఇంకాస్త బయటికి పెంచుకోండి. దొరికితే చేయించుకోండి, పని ముగిసేదాకా సిమెంటు బస్తా మాత్రం ఆ చుట్టుపక్కల ఉండనివ్వకండి.