అరుగం బే వెళ్దామనుకునేవాళ్లకి నాలుగు ముక్కలు

శ్రీలంక అంటే మనోళ్లు కొలంబో, క్యాండీ చూసి ఇంటికొచ్చేస్తారు, తూర్పు తీరంలో ఉన్న అరుగం బే వైపు పెద్దగా ఎవరూ పోరు. మేం ఆగస్టులో వెళ్లి ఆరు రోజులున్నాం. సర్ఫింగ్ (బోర్డ్ మీద నిలబడి అలల మీద జారడం) కోసం వెళ్లేవాళ్లు టికెట్ కంటే ముందు నెల చూసుకోవాలి, మే నుంచి సెప్టెంబర్ దాకా అయితే బాగుంటుంది, నవంబర్ వచ్చేసరికి ఆ వైపు వానలు మొదలై చాలా గెస్ట్‌హౌస్‌లు మూసేస్తారు. డిసెంబర్‌లోనే లీవ్ దొరుకుతుందంటే వెలిగామ వైపు పొండి, దక్షిణ తీరంలో సీజన్ దీనికి సరిగ్గా ఉల్టా.

కొలంబో నుంచి కారులో ఏడెనిమిది గంటలు. మేం దారిలో ఎల్లా అనే కొండ ఊళ్లో రెండు రాత్రులు ఆగి వెళ్లాం కాబట్టి ఒళ్లు హూనం కాలేదు. ఒకటే జాగ్రత్త, లాహుగల అడవి దగ్గర ఏనుగులు రోడ్డు మీదకి వస్తాయి, పగలే దాటేయండి.

గది విషయంలో మేం పప్పులో కాలేశాం. ఫోటోలు చూసి బీచ్ పక్కనే, సముద్రం కనిపించే గది ఆరు రాత్రులకీ బుక్ చేశాం, తీరా చూస్తే పక్కనే బార్, అర్ధరాత్రి దాటాక కూడా గోడలు అదిరేలా మ్యూజిక్, ఇక్కడేమో పొద్దున్నే ఐదింటికి లేవాలి ఎందుకంటే గాలి లేవకముందే అలలు నున్నగా ఉంటాయి. మూడో రోజు వెనక సందులో ఫ్యాన్ గదికి మారిపోయాం, హాయిగా నిద్రపట్టింది. మొదటి రెండు రాత్రులకే బుక్ చేసుకోండి, మిగతాది వెళ్లాక నడుస్తూ వెతుక్కోవచ్చు.

ఇక అలలు. మెయిన్ పాయింట్ అనే సర్ఫింగ్ చోటు ఊరి చివరే ఉంటుంది, పేరున్నది అదే, కానీ కింద రాయి, నీళ్లలో సర్ఫింగ్ బాగా వచ్చినోళ్ల గుంపు. మొదటిసారి నేర్చుకునేవాళ్లకి అది కాదు, బేబీ పాయింట్ గానీ, టుక్‌టుక్ ఎక్కి విస్కీ పాయింట్ గానీ పీనట్ ఫామ్ గానీ పొండి (టుక్‌టుక్ అంటే మన ఆటోనే, బోర్డులు పైన కట్టేస్తారు). నేను రెండు పాఠాలకే పెద్ద సర్ఫర్‌ని అయిపోయాననుకుని మెయిన్ పాయింట్‌లో దిగాను, పడ్డప్పుడు కాలు కింద పెట్టాను, మడమ దగ్గర చర్మం చెక్కుకుపోయింది. తర్వాత రెండు రోజులు ఒడ్డున కూర్చుని పొల్ రొట్టె (కొబ్బరి కలిపి చేసే రొట్టె) తింటూ మా వాళ్లని చూశాను. పడితే కాళ్లు చాపకుండా నీళ్ల మీద వెల్లకిలా పడాలని ట్రైనర్ చెప్పాడు, నేనే వినలేదు.

బోర్డ్ అద్దెకి తీసుకునేటప్పుడు పాత సొట్టలన్నీ షాపువాడి ముందే వీడియో తీయండి. తిరిగిచ్చేటప్పుడు మాకు ఒక షాపులో బోర్డ్ ముందు కొన దగ్గర పగులు చూపించి డబ్బులడిగారు, ఫోన్‌లో పొద్దున తీసిన వీడియో చూపిస్తే ఆ పగులు అందులో ఉంది, ఆయన నవ్వేసి బోర్డ్ లోపల పెట్టుకున్నాడు. వాక్స్ (కాలు జారకుండా బోర్డ్‌కి రాసే మైనం), లీష్ (బోర్డ్‌ని కాలికి కట్టే తాడు) కూడా అప్పుడే చూసుకోవాలి, మా వాడి లీష్ వెల్‌క్రో సగం ఊడిపోయి ఉంది. నిండు చేతుల రాష్ గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా) మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి, లేదంటే బోర్డ్ మీద పడుకుని పడుకుని పొట్ట అంతా మంటే.

పక్కనున్న పొత్తువిల్ ఊళ్లోకి మాత్రం స్విమ్మింగ్ బట్టలతో పోకండి, అక్కడ ముస్లిం కుటుంబాలు ఎక్కువ. తమిళం నాలుగు మాటలొచ్చినా చాలు, ఆటో బేరం దగ్గర మొహాలు వెలిగిపోతాయి. ఇంకోటి, పౌర్ణమి రోజు అక్కడ పోయా అని బౌద్ధుల సెలవు, ఆ రోజు మందు అమ్మరు. బీరు బ్యాచ్ ఉంటే క్యాలెండర్ చూసి వెళ్లండి, మాకు ఆఖరి రాత్రే తగిలింది, కొబ్బరి బోండాలతో పార్టీ చేసుకున్నాం.