బెరస్తాగిలో మేము దిగే ఇల్లు, ఆ ఇంటి వంటగది

ఇండోనేషియాలోని సుమత్రా కొండల్లో ఉన్న బెరస్తాగికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఒక్క రాత్రే ఉంటారు. తెల్లవారుజామున సిబయక్ అగ్నిపర్వతం ఎక్కి దిగుతారు, వేడినీటి బుగ్గల్లో స్నానం చేస్తారు, మధ్యాహ్నానికల్లా తోబా సరస్సు దారి పడతారు. అలాంటివాళ్లకు ఏ బస అయినా ఒకటే. నేను రాస్తున్నది ఆ ఊళ్లో వారమో పది రోజులో నింపాదిగా గడపాలనుకునేవాళ్ల కోసం, అందులోనూ మాంసం ముట్టని పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాళ్ల కోసం.

నాకు మలేషియాలోని పినాంగ్‌లో ఉద్యోగం. అక్కడి నుంచి సుమత్రాలోని మెడాన్ నగరానికి విమానంలో గంట కూడా పట్టదు. మెడాన్ నుంచి కొండ మీదికి రోడ్డు 60 కిలోమీటర్ల పైచిలుకు, లారీల వెనక చిక్కుకుంటే మూడు గంటలు పడుతుంది. బెరస్తాగి దాదాపు 1,300 మీటర్ల ఎత్తున ఉంటుంది కాబట్టి రాత్రిళ్లు రగ్గు కప్పుకోవాల్సిందే. ఉక్కపోతతో విసిగినప్పుడల్లా మా అమ్మను తీసుకుని అక్కడికి వెళ్లడం ఏళ్లుగా అలవాటైంది, దిగేది ఎప్పుడూ ఒకే ఇంట్లో. బజారు వీధి వెనక కారో అనే అక్కడి తెగకు చెందిన ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్ అది. ఇంటి పేరు మాత్రం రాయను. కింద ఒక ఫిర్యాదు ఉంది, దానివల్ల వాళ్ల జీవనానికి దెబ్బ తగలడం నాకు ఇష్టం లేదు.

గదుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. శుభ్రంగా ఉంటాయి. స్నానానికి తొట్టీ చెంబూ, వేడినీళ్లకు గ్యాసు హీటరు ఉంటాయి. ఆ హీటరు పనిచేసే రోజులు, పనిచేయని రోజులు ఉంటాయి. పైఅంతస్తు కిటికీలోంచి మబ్బు లేని ఉదయం సినబుంగ్ అగ్నిపర్వతం నిండుగా కనిపిస్తుంది. ఈ మాత్రం ఊళ్లో చాలా చోట్ల దొరుకుతుంది. నేను వేరే ఇంటికి మారకపోవడానికి ఒకే ఒక్క కారణం, ఆ ఇంటి వంటగది.

ఇంటావిడను అందరిలాగే మేమూ ఇబు, అంటే అమ్మ, అని పిలుస్తాం. మొదటిసారి వెళ్లినప్పుడు పొద్దున టిఫిన్‌గా వేయించిన అన్నం పెట్టారు. అందులో రొయ్యల ముద్ద కలిసిందని నేను చెప్పగానే అమ్మ పళ్లెం పక్కన పెట్టి, అరటిపండుతో సరిపెట్టుకుంది. ఇబు ఏమీ అనలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, పొయ్యి చూపించి, కొత్త మూకుడు ఒకటి పైనుంచి దింపి ఆమె ముందు పెట్టారు. ఆ మూకుడు ఇప్పటికీ అమ్మదే. మేము లేనప్పుడు దాన్ని కాగితంలో చుట్టి అటక మీద పెడతారు.

పొడవాటి సిమెంటు గట్టు, రెండు మంటల గ్యాసు పొయ్యి, దాని కింద ఆకుపచ్చ రంగు మూడు కిలోల సిలిండరు, పెరట్లో పెద్ద పాత్రల కోసం కట్టెల పొయ్యి. మన రోలు లాంటిది లేదు కానీ, పళ్లెంలా లోతు తక్కువగా ఉండే రాతి పాత్ర, వంపు తిరిగిన చిన్న రోకలి ఉన్నాయి. నూరడం తప్ప దంచడం దాంట్లో కుదరదు. అమ్మకు మొదట్లో చిరాకు వేసింది, తర్వాత అదే బాగుందని తేల్చింది. పచ్చిమిర్చి, వెల్లుల్లి దాంట్లో ఎంత మెత్తగా కావాలంటే అంత మెత్తగా నలుగుతాయి.

బజారు ఇంటికి నడిచి వెళ్లేంత దూరమే. పర్యాటకుల కోసం ఉన్న పండ్ల మార్కెట్ వేరు, ఊళ్లోవాళ్లు కూరలు కొనే బజారు వేరు. రెండోదానికి పొద్దున్నే వెళ్లాలి. అగ్నిపర్వతపు నల్లమట్టిలో పండిన క్యాబేజీ, క్యారెట్, బంగాళాదుంప, టమాటా, బెంగళూరు వంకాయ, నారింజ, కృష్ణఫలం గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. డచ్చివాళ్ల కాలంలోనే ఈ కొండల కూరగాయలు సముద్రం దాటి పినాంగ్‌కు, సింగపూర్‌కు వెళ్లేవి. అన్ని కూరలు కళ్ల ముందు పెట్టుకుని హోటలు గదిలో కూర్చోవడం వంట తెలిసిన మనిషికి ఎంత కష్టమో నాకు అమ్మను చూశాకే తెలిసింది. ఈ ఇంట్లో ఆ కష్టం లేదు.

ఆ బజార్లో తెరోంగ్ బెలందా అని ఒక పండు అమ్ముతారు. కోడిగుడ్డంత ఉంటుంది, ముదురు ఎరుపు, పొడుగాటి తొడిమ. అక్కడివాళ్లు దాన్ని చక్కెర వేసి రసం తీసుకుని తాగుతారు. అమ్మ ఒకటి కోసి నాలుక మీద పెట్టుకుని, ఇది తియ్యగా తినాల్సిన పండు కాదు అంది. ఆ సాయంత్రం తొడిమ పట్టుకుని ఒక్కొక్క పండునూ మంట మీద తిప్పింది. తోలు చిట్లి, ముడుచుకుని, వేలితో లాగితే ఒక్క పొరగా ఊడి వచ్చింది. లోపల నారింజ రంగు గుజ్జు, దాని మధ్య ఊదారంగు రసంలో నల్లని గింజలు. వేయించిన పచ్చిమిర్చి, ఉప్పు, వెల్లుల్లితో నూరి, పినాంగ్ నుంచి తెచ్చుకున్న ఆవాలతో తాలింపు పెట్టింది. వేడి అన్నంలో ఆ పచ్చడి కలుపుకుని తిన్న రోజును నేను మరిచిపోలేను. ఇబు ఒక ముద్ద రుచి చూసి, ఏమీ మాట్లాడకుండా ఇంకో ముద్ద పెట్టుకున్నారు. మర్నాడు తనే చేసి తెచ్చారు, ఆవాలకు బదులు అందలిమన్ గింజలు నూరి వేసి. మిరియమంత ఉండే ఆ గింజ నాలుకను జివ్వుమనిపించి కాసేపు తిమ్మిరెక్కిస్తుంది, నిమ్మ వాసన వేస్తుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ పచ్చడి రెండు రకాలుగానూ చేస్తారు.

ఆకుకూరలను ఇబు కడిగే తీరు కూడా అక్కడే చూశాను. నీళ్లు మార్చి మార్చి కడిగి, గిన్నె అడుగును వేళ్లతో తడిమి చూస్తారు. సినబుంగ్ వందల ఏళ్లు నిద్రపోయి 2010 ఆగస్టులో లేచింది. 2013 నుంచి ఏళ్ల తరబడి బూడిద కక్కింది. తోటల మీద, రేకుల కప్పుల మీద, ఆరేసిన బట్టల మీద ఆ బూడిద పడిన రోజుల అలవాటు ఇది. కొండ పాదాన ఉన్న ఊళ్ల నుంచి వచ్చిన బంధువులు చాలాకాలం ఇదే ఇంట్లో, ఇప్పుడు మేము దిగే గదుల్లోనే ఉన్నారట. తర్వాత ప్రభుత్వం సియోసర్‌లో కట్టించిన ఇళ్లకు వెళ్లారు. వాళ్లున్నన్నాళ్లూ బయటివాళ్లకు గదులు ఇవ్వలేదని ఇబు చెప్పారు.

ఇక ఫిర్యాదు. ఒక సాయంత్రం అమ్మా నేనూ వేడినీటి బుగ్గల దగ్గర నుంచి వానలో తిరిగి వచ్చేసరికి ఇల్లు చీకటిగా ఉంది. వీధి తలుపుకు తాళం. పక్కనే కాఫీ అమ్మే ఆవిడ మా గది తాళంచెవి, వీధి తాళంచెవి తెచ్చి ఇచ్చారు. ఇబు పుట్టింటి వైపు ఎవరో పెద్దాయన పోయారని, ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్లారని చెప్పారు. ఎప్పుడు వస్తారంటే తెలియదన్నారు. లోపలికి వెళ్లి చూస్తే వంటగదికి కూడా తాళం వేసి ఉంది. పొద్దున మేము కొన్న కూరలు, పప్పు, అమ్మ మూకుడు అన్నీ లోపలే. తాగడానికి వేడినీళ్లు లేవు. అమ్మ తడిసిపోయి వణుకుతోంది, మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఆ వేళకు ఆ వీధిలో తెరిచి ఉన్న హోటళ్లలో సగం పంది మాంసానివి, మిగతావి కోడి, చేపల పులుసులు వరసగా పేర్చే పడాంగ్ భోజనం అంగళ్లు. ఆ వానలో తిరిగి తిరిగి ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు, నారింజలు తెచ్చాను. ఆ రాత్రి, మర్నాడు రోజంతా అమ్మ వాటితోనే గడిపింది.

చావు ఎవరి చేతిలోనూ లేదు. దాని గురించి నాకు కోపం లేదు. గదుల బుకింగు చూసే కోడలు మెడాన్‌లో ఉంటారు, నా ఫోను నంబరు ఆమె దగ్గర ఉంది. మధ్యాహ్నమే ఆమెకు విషయం తెలుసు. ఒక్క సందేశం పంపి ఉంటే నేను దారిలోనే అన్నం, పెరుగు కొనుక్కుని వచ్చేవాడిని, వంటగది తాళంచెవి కూడా పక్కింట్లో ఇమ్మని అడిగేవాడిని. అరవై దాటిన మనిషి వెంట ఉందని తెలిసి కూడా పంపలేదు. ఆ మాట ఆమెతో నేరుగానే అన్నాను. సరేనన్నారు తప్ప మరేమీ అనలేదు. అది నాకు ఇప్పటికీ మనసులో ఉంది.

ఇబు తిరిగి వచ్చాక, అంత హడావిడిగా అందరూ ఎందుకు వెళ్లాల్సి వచ్చిందో వివరించారు. కారోల్లో ఐదు మెర్గాలు ఉంటాయి, మన గోత్రాల్లా. ప్రతి కుటుంబానికీ పిల్లనిచ్చినవాళ్లు కలింబుబు, వాళ్లకు దేవుడితో సమానమైన గౌరవం. పిల్లను చేసుకున్నవాళ్లు అనక్ బెరు. కలింబుబు ఇంట్లో పెళ్లయినా చావయినా వంట, వడ్డన, నీళ్లు మోయడం, లెక్కలు చూడడం అన్నీ అనక్ బెరు పనులే. ఇబు పుట్టింట్లో కష్టం వస్తే ఆమె భర్త, పిల్లలు, కోడళ్లు పరుగెత్తాలి. వాళ్లు రాకపోతే అక్కడ పొయ్యి వెలగదు.

ఇది విని అమ్మ ఆశ్చర్యపోయింది. అంతకుముందు ఇద్దరూ వంటింట్లో మేనరికాల గురించి మాట్లాడుకుని, మేనమామ కూతుర్ని చేసుకోవడం కారోల్లోనూ అన్నిటికంటే మంచి సంబంధమని తెలిసి ఎంతో మురిసిపోయారు, నేను మలయ్‌లోకీ తెలుగులోకీ మాటలు మారుస్తూ మధ్యలో కూర్చున్నాను. అంతా మనలాగే అనుకున్న అమ్మకు ఈ ఒక్క విషయం తలకిందులుగా తోచింది. మన దగ్గర అల్లుడు వస్తే ఇల్లంతా లేచి నిలబడుతుంది. అక్కడ అల్లుడు అత్తవారింట్లో కట్టెలు కొట్టి, విస్తళ్లు వేసి, అందరూ తిన్నాక తింటాడు.

ఆ తర్వాతి ప్రయాణంలో ఇబు అన్నగారి ఇంట్లో పెళ్లి పడింది. ఈసారి ముందే చెప్పి మమ్మల్నీ తీసుకెళ్లారు. గోడలు లేని పెద్ద సావడి, దాన్ని జంబూర్ అంటారు. నేలంతా చాపలు, వందలమంది జనం, కీబోర్డు మీద హోరుమనే సంగీతం, వరసలుగా నిలబడి నెమ్మదిగా చేతులు తిప్పుతూ నాట్యం. ఇబు కోసం వెతికితే వెనక పెరట్లో, నిలువెత్తు పొగలో, పెద్ద డేగిసాలో తెడ్డు తిప్పుతూ కనిపించారు. ఆమె భర్త భుజాన అన్నం గంప పెట్టుకుని చాపల మధ్య తిరుగుతున్నారు. ఎవరికీ అరక్షణం తీరిక లేదు. అయినా అమ్మ కూర్చున్న చోటికి అరిటాకు మూసిన ఒక గిన్నె వచ్చింది, బెంగళూరు వంకాయ, టోఫు కూర, మాంసం తగలకుండా విడిగా వండినది. ఆ గిన్నె తెచ్చి పెట్టింది మెడాన్ కోడలే.

ఆ రోజు తర్వాత ఆ ఇంటి మీద నాకున్న ఇష్టం పెరిగింది. సందేశం పంపని సంగతి మాత్రం దీనితో చెల్లిపోయిందని నేను అనుకోవడం లేదు. రెండూ నిజాలే.

పైన వంటగది గురించి రాసినదాంట్లో కొన్ని సవరణలు చెప్పాలి. తలుపు అందరికీ తెరిచే ఉంటుంది కానీ, పొయ్యి ముందు ఇంటివాళ్లది. పొద్దున ఏడు లోపు, సాయంత్రం వాళ్ల వంట అయ్యేదాకా ఒక్క మంట కూడా దొరకదు. అదే గట్టు మీద పంది మాంసం తరుగుతారు. కత్తి, మూకుడు వేరుగా ఇస్తారు, గట్టు వేరు కాదు. మా అమ్మ తుడుచుకుని వండుకుంటుంది, మడి పాటించేవాళ్లకు కుదరదు. ఈ మధ్య గ్యాసు కోసం రోజుకు కొంత అడుగుతున్నారు, అది న్యాయమే. కందిపప్పు, ఆవాలు, ఇంగువ అక్కడ దొరకవు, మెడాన్‌లోని కంపుంగ్ మద్రాస్ పేట అంగళ్లలో కొనుక్కుని రావాలి. ఇంట్లో అప్పుడప్పుడు కొత్త అతిథులు ఎక్కువైతే ఇబు మొహంలో అలసట కనిపిస్తుంది, అప్పుడు మేమే బయట తింటాం.

నాకు మలయ్ వచ్చు కాబట్టి ఇండోనేషియా భాషలో పని గడిచిపోతుంది, ఈ కథలన్నీ తెలిసింది అందువల్లే. సెలవులు ముందూ వెనకా జరుపుకునే వీలు నాకుంది. అమ్మ మెట్లు ఎక్కగలదు. ఈ మూడింట్లో ఏది లేకపోయినా ఊళ్లో పెద్ద హోటలు చూసుకోవడమే మంచిదంటాను. చంటిపిల్లలతో వెళ్లేవాళ్లకు హీటరు సంగతి ముందే గుర్తు చేస్తున్నాను. మిగతావాళ్లు ఇలాంటి ఇల్లు చూసుకుంటే మొదట అడగాల్సింది అద్దె కాదు, ఇంట్లో ఎవరూ లేని రోజున వంటగది తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో అడగండి. ఆదివారం ఉదయం చేరేలా మాత్రం ప్రయాణం పెట్టుకోవద్దు. ఇంటిల్లిపాదీ చర్చిలో ఉంటారు, తలుపు తీసేవాళ్లు ఉండరు.