సూత్రం ముందా, డేటా ముందా: డిగ్రీలో స్టాటిస్టిక్స్ నేర్పడానికి ఏది మేలు?

ఒక విద్యార్థి బోర్డు మీద కోరిలేషన్ (రెండు కొలతలు ఎంతగా కలిసి మారతాయో -1 నుంచి 1 మధ్య చెప్పే అంకె) లెక్క ఒక్క తప్పు లేకుండా చేశాడు. జవాబు 0.82 వచ్చింది. "ఇంతకీ ఇదేం చెబుతోంది?" అని అడిగాను. "రెండింటికీ గట్టి సంబంధం ఉంది సార్" అన్నాడు. "ఏ రెండింటికీ?" అంటే "ఎక్స్‌కీ, వైకీ" అన్నాడు. అంతకు మించి అతను చెప్పగలిగింది లేదు. నేనిచ్చిన లెక్కలోనే అంతకు మించి ఏమీ లేదు మరి.

ఆ 0.82 నన్ను చాలాకాలం వదల్లేదు. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ నాలుగు చిన్న డేటాసెట్లు తయారుచేసి చూపించాడు. ఒక్కోదాంట్లో పదకొండు జతల అంకెలు. నాలుగింటిలోనూ ఎక్స్ సగటు 9, వై సగటు 7.5, కోరిలేషన్ దాదాపు 0.82. రిగ్రెషన్ గీత (చుక్కలకి వీలైనంత దగ్గరగా పోయేలా గీసే గీత) కూడా ఒకటే. గ్రాఫ్ గీస్తే మాత్రం నాలుగూ నాలుగు రకాలు. మొదటిదాంట్లో చుక్కలు మామూలుగా చెదిరి ఉంటాయి. రెండోది నున్నటి వంపు. మూడోది తిన్నటి గీతే, ఒక్క చుక్క మాత్రం పైకి ఎగిరి ఉంటుంది. నాలుగోదాంట్లో పది చుక్కలు ఒకే నిలువు వరసలో నిలబడతాయి, పదకొండోది ఎక్కడో దూరాన ఉంటుంది. "గట్టి సంబంధం ఉంది" అన్న మాట వీటిలో మొదటిదానికే సరిగ్గా సరిపోతుంది. బోర్డు మీద లెక్క చేసినవాడికి ఈ నాలుగూ ఒకటే.

డిగ్రీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. పాత దారిలో సంభావ్యత, డిస్ట్రిబ్యూషన్లు, అంచనాలు, పరీక్షలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. సూత్రం రాబట్టడం, చేత్తో లెక్క చెయ్యడం, చివర్లో సమయం మిగిలితే డేటా చూపించడం. రెండో దారిలో మొదటి రోజే ఒక ప్రశ్న, దానికి సంబంధించిన అసలు డేటా, ఒక గ్రాఫ్. సూత్రం అవసరం పడినప్పుడు వస్తుంది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఆమోదంతో 2005లో వచ్చి, 2016లో సవరించిన గైస్ నివేదిక (కాలేజీల్లో స్టాటిస్టిక్స్ బోధనకి మార్గదర్శకాలు) ఈ రెండో దారినే సిఫారసు చేస్తుంది. సందర్భం ఉన్న అసలు డేటా వాడండి, భావన అర్థమయ్యేలా చెప్పండి, విద్యార్థుల చేత పని చేయించండి అంటుంది.

నా ఓటు రెండోదానికే. కానీ దాన్ని అజాగ్రత్తగా పట్టుకుంటే మొదటిదానికన్నా ఎక్కువ చెరుపు చేస్తుందని కూడా చూశాను. అందుకే ఒక్క మాటలో తేల్చకుండా కాస్త వివరంగా రాస్తున్నాను.

చేతి లెక్క ఇచ్చేది

ముందు పాత దారికి దక్కాల్సిన గౌరవం దక్కాలి. ఐదు అంకెలు తీసుకోండి: 2, 4, 4, 5, 10. సగటు 5. సగటు నుంచి తేడాలు -3, -1, -1, 0, 5. వాటి వర్గాలు 9, 1, 1, 0, 25. మొత్తం 36. నాలుగుతో భాగిస్తే 9, దాని వర్గమూలం 3. అదే ప్రామాణిక విచలనం, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత. చేత్తో చేసిన పిల్లకి ఇక్కడ ఒక సంగతి కళ్లకు కడుతుంది: 36లో 25 ఆ ఒక్క పది వల్లే వచ్చింది. ఇప్పుడు 10 తీసేసి 30 పెట్టి మళ్ళీ చెయ్యమంటాను. సగటు 9కి ఎక్కుతుంది, విచలనం 11.8 దాకా పోతుంది. మధ్యగతం మాత్రం 4 దగ్గరే ఉంటుంది. ఒక్క అంకె ఎంత లాగగలదో అప్పుడు తెలుస్తుంది.

"ఐదు అంకెలున్నాయి కదా, నాలుగుతో ఎందుకు భాగించాం?" అన్న ప్రశ్న కూడా అక్కడే పుడుతుంది. తేడాలన్నీ కూడితే సున్నా రావాలి కాబట్టి, నాలుగు తెలిస్తే ఐదోది దానంతటదే తేలిపోతుంది. స్వేచ్ఛగా మారగలిగేవి నాలుగే. డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అన్న పెద్ద మాటకి ఇంతకన్నా దగ్గరి దారి నాకు కనబడలేదు. సాఫ్ట్‌వేర్‌లో మీట నొక్కితే 3 వస్తుంది, ఈ ప్రశ్న మాత్రం రాదు.

అయితే ఐదు అంకెలతో చేయించడం వేరు, యాభై అంకెల పట్టికతో చేయించడం వేరు. రెండోది ఓర్పుకు పరీక్ష. యంత్రాలు లేని రోజుల్లో అది తప్పనిసరి. ఇప్పుడు ఆ గంట తీసుకెళ్ళి గ్రాఫ్ మీద మాట్లాడటానికి పెడితే పిల్లలకు మేలు.

డేటా ఇచ్చేది

అంటార్కిటికాలోని పామర్ స్టేషన్ దగ్గర 2007 నుంచి 2009 వరకు కొలిచిన పెంగ్విన్ల డేటా ఇప్పుడు చాలా క్లాసుల్లో వాడుతున్నారు. 344 పక్షులు, మూడు జాతులు: అడెలీ, చిన్‌స్ట్రాప్, జెంటూ. వాటిలో 342 పక్షులకు ముక్కు పొడవు, ముక్కు మందం కొలతలు ఉన్నాయి. క్లాసులో ముందు అడుగుతాను: "ముక్కు పొడవైన పెంగ్విన్‌కి మందం ఎక్కువుంటుందా, తక్కువుంటుందా?" అందరూ ఎక్కువనే అంటారు. కోరిలేషన్ వెయ్యమంటాను. సుమారు -0.24 వస్తుంది. పొడవు పెరిగితే మందం తగ్గుతోందట! క్లాసులో గుసగుసలు మొదలవుతాయి. కొందరు తమ కోడ్ తప్పేమో అని మళ్ళీ నడుపుతారు.

అప్పుడు చుక్కలకి జాతినిబట్టి రంగు వెయ్యమంటాను. తెర మీద మూడు గుంపులు విడిపోతాయి. ప్రతి గుంపూ పైకే వాలి ఉంటుంది. అడెలీలో 0.39, చిన్‌స్ట్రాప్‌లో 0.65, జెంటూలో 0.64. జెంటూల ముక్కు పొడుగు, సన్నం. అడెలీల ముక్కు పొట్టి, మందం. గుంపులన్నిటినీ కలిపి చూసినప్పుడు ఆ తేడా అసలు సంబంధాన్ని తలకిందులు చేసింది. దీనికి సింప్సన్ వైరుధ్యం అని పేరుంది, కానీ పేరు చివర్లో చెబుతాను. పేరు ముందు చెబితే అది పరీక్షలో రాసే నిర్వచనమై కూర్చుంటుంది.

ఇది పక్షుల సరదా కాదు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 1973 ప్రవేశాలు చూస్తే, దరఖాస్తు చేసిన మగవాళ్ళలో 44 శాతం మందికి, ఆడవాళ్ళలో 35 శాతం మందికి సీటొచ్చింది. వివక్షేనని ఎవరికైనా అనిపిస్తుంది. విభాగాలవారీగా చూస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. ఆడవాళ్ళు ఎక్కువగా దరఖాస్తు చేసినవి సీటు దొరకడం ఎవరికైనా కష్టమైన విభాగాలు. పెంగ్విన్ల గ్రాఫ్‌కి తన చేత్తో రంగు వేసిన విద్యార్థికి ఈ కథ రెండు నిమిషాల్లో ఎక్కుతుంది. సూత్రంతో మొదలైన క్లాసులో ఇదే విషయం చెప్పాను. తలలూపారు, నోట్సు రాసుకున్నారు, మర్చిపోయారు.

డేటా దారిలో గోతులు

ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను. ఉత్సాహంగా ఈ దారి పట్టిన ఉపాధ్యాయులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మొదటి గొయ్యి, మరీ శుభ్రమైన డేటా ఇవ్వడం. ఖాళీలు, తప్పులు ముందే ఏరేసి ఇస్తే అది కూడా పాఠ్యపుస్తకంలో లెక్కే, కాకపోతే కంప్యూటర్ మీద. అమెరికాలోని పిమా ఆదివాసీ స్త్రీల మధుమేహం డేటాలో 768 మంది ఉన్నారు. రక్తపోటు కాలమ్‌లో 35 మందికి సున్నా. ఇన్సులిన్ కాలమ్‌లో 374 మందికి సున్నా. బతికున్న మనిషికి రక్తపోటు సున్నా ఉండదు. కొలవనిదాన్ని సున్నాగా రాశారు. చూసుకోకుండా ఇన్సులిన్ సగటు తీస్తే దాదాపు 80 వస్తుంది. సున్నాలు తీసేసి చూస్తే సుమారు 155. సగానికి సగం తేడా! దీన్ని పట్టుకోవడానికి ఏ సూత్రమూ అక్కర్లేదు, హిస్టోగ్రామ్ గీసి ఎడమ అంచున లేచిన స్తంభాన్ని చూసి ఆగిపోయే అలవాటు కావాలి. ఆ అలవాటు పడాలంటే మురికి డేటా విద్యార్థి చేతిలో పెట్టాలి. సున్నాలు తీసేశాక కూడా అడగాల్సిన ప్రశ్న మిగులుతుంది: ఇన్సులిన్ కొలిచినవాళ్ళు, కొలవనివాళ్ళు ఒకలాంటివాళ్ళేనా? దానికి క్లాసులో జవాబు దొరక్కపోయినా ఫరవాలేదు, ఆ ప్రశ్న వాళ్ళంతట వాళ్ళు అడగడమే నాకు కావలసింది.

రెండోది ఇంకా లోతైన గొయ్యి. డేటా, సాఫ్ట్‌వేర్ రెండూ చేతికొస్తే విద్యార్థులు కనపడ్డ ప్రతి కాలమ్‌నీ మిగతా ప్రతి కాలమ్‌తో జతచేసి పరీక్ష పెడతారు. పి-వాల్యూ (ఏ సంబంధమూ లేకపోయినా ఇంత ఫలితం గానీ ఇంకా ఎక్కువ గానీ కాకతాళీయంగా వచ్చే అవకాశం) 0.05 కన్నా తక్కువ వచ్చిన చోట సంబరపడి రిపోర్టు రాస్తారు. ఏ సంబంధమూ లేని చోట ఒకదానితో ఒకటి ముడిపడని ఇరవై పరీక్షలు చేస్తే, కనీసం ఒకటి "సిగ్నిఫికెంట్" అని వచ్చే అవకాశం 64 శాతం. 0.95ని ఇరవైసార్లు గుణించి ఒకటిలోంచి తీసేస్తే వచ్చేది అదే. డేటా దారిలో ఈ హెచ్చరిక మొదటి వారంలోనే చెప్పకపోతే, మనం తయారుచేసేది విశ్లేషకుల్ని కాదు, నచ్చిన జవాబు దొరికేదాకా వెతికేవాళ్ళని. అందుకే డేటా ఫైలు తెరిచే ముందే ప్రశ్న కాగితం మీద రాసి ఇవ్వమంటాను. పద్ధతి చిన్నదే, కానీ దీన్ని ఏ ఏడూ వదలను.

చీట్ల పద్ధతి

సూత్రం దారికీ, డేటా దారికీ మధ్య మూడో దారి ఒకటుంది. పి-వాల్యూ చెప్పడానికి దీనికి మించింది నాకు తెలియదు. గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ చెప్పిన టీ ప్రయోగం చాలామందికి తెలిసిందే. ఎనిమిది కప్పులు. నాలుగింటిలో పాలు ముందు పోశారు, నాలుగింటిలో టీ ముందు పోశారు. ఒకావిడ రుచి చూసి ఏది ఏదో చెబుతానంటుంది. ఆవిడకి నిజంగా తెలుసా, ఊహిస్తోందా?

క్లాసులో ఎనిమిది చీట్లు ఇస్తాను. నాలుగింటి మీద "పాలు", నాలుగింటి మీద "టీ". బాగా కలిపి వరసగా పెట్టి, మొదటి నాలుగు చీట్లలో ఎన్ని "పాలు" వచ్చాయో రాసుకోమంటాను. నాలుగూ వస్తే ఊహించినవాడు అన్నీ సరిగ్గా చెప్పినట్టు. యాభై మంది తలా రెండుసార్లు కలిపితే వంద ఫలితాలు. నాలుగుకి నాలుగు సరిగ్గా పడేది ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి ఒక్కటీ ఉండదు. మూడు గానీ నాలుగు గానీ సరైనవి పాతిక దగ్గర వస్తాయి. బోర్డు మీద ఆ చుక్కల స్తంభాలు లేచాక లెక్క చెబుతాను: ఎనిమిదిలోంచి నాలుగు ఎంచుకునే మార్గాలు 70, పూర్తిగా సరైనది ఒక్కటే, అంటే దాదాపు 0.014. మూడు లేదా ఎక్కువ సరైనవి 17 మార్గాలు, అంటే 0.24. మూడు సరిగ్గా చెప్పినావిడని ఎందుకు నమ్మకూడదో ఇక వేరే వివరించక్కర్లేదు. తమ చేత్తో కలిపిన చీట్లలోనే అది నాలుగోవంతు సార్లు వచ్చింది.

ఇదేదో పిల్లల ఆట అనుకునే సహోద్యోగులకి గాసెట్ సంగతి చెబుతుంటాను. "స్టూడెంట్" అనే పేరుతో 1908లో టి-పరీక్షకి (చిన్న శాంపిళ్ళ సగటుల్ని పరీక్షించే పద్ధతి) పునాది వేసిన ఆయన, 3000 మంది ఖైదీల కొలతలు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిళ్ళు తీసి, తను రాబట్టిన ఫలితంతో పోల్చి చూశాడు. మనం సూత్రంగా బోర్డు మీద రాస్తున్నదాన్ని దాని కర్తే చీట్లు కలిపి సరిచూసుకున్నాడు.

సాఫ్ట్‌వేర్, పరీక్షలు

ఏ సాఫ్ట్‌వేర్ అన్నదాని మీద జరిగే వాదనలకి నేను అంత విలువివ్వను. స్ప్రెడ్‌షీట్‌తో మొదటి రోజే పని మొదలవుతుంది, కానీ ఏ గడిలో ఏం మార్చామో ఆనవాలు మిగలదు. పైగా అది అడక్కుండానే డేటాని మార్చేస్తుంది. మార్చ్1 లాంటి జన్యువుల పేర్లని తేదీలుగా మార్చేస్తోందని, 2020లో జన్యువుల పేర్లే మార్చుకోవాల్సి వచ్చింది. స్టాటిస్టిక్స్ కోసం వాడే ప్రోగ్రామింగ్ భాష ఆర్ మొదటి రెండు వారాలు ఏడిపిస్తుంది, తర్వాత చేసిన ప్రతి అడుగూ కాగితం మీద రాసినట్టు ఉంటుంది. ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ దాన్ని మొదలుపెట్టింది విద్యార్థులకి స్టాటిస్టిక్స్ నేర్పడానికే. ఒక సెమిస్టర్ మాత్రమే ఉండి, విద్యార్థులది వేరే సబ్జెక్టయితే స్ప్రెడ్‌షీట్ చాలు. రెండు సెమిస్టర్లుంటే ఆర్ గానీ పైథాన్ గానీ.

పరీక్ష సంగతి మాత్రం చిన్నది కాదు. ఏడాదంతా డేటాతో చెప్పి, చివర్లో "ఈ పది అంకెల ప్రామాణిక విచలనం కనుక్కోండి" అని ప్రశ్న ఇస్తే, వచ్చే ఏడాది విద్యార్థులు మొదటి రోజు నుంచే గ్రాఫ్‌ల దగ్గర ఫోన్ చూస్తూ కూర్చుంటారు. తప్పు వాళ్ళది కాదు. గ్రాఫ్, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన ఫలితం ప్రశ్నపత్రంలోనే ముద్రించి "దీన్నిబట్టి ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు?" అని అడగాలి. దిద్దడం కష్టమే. ఒక్కో జవాబూ చదవాలి.

ఎవరికి ఏది అంటే, స్టాటిస్టిక్స్ మెయిన్‌గా తీసుకున్నవాళ్ళకి సూత్రాల రాబడి తప్పదు. గామా డిస్ట్రిబ్యూషన్, మాక్సిమమ్ లైక్లీహుడ్ లాంటి గణిత భావనలు చీట్లతో రావు. వాళ్ళకి కూడా ఒక్కో అధ్యాయం డేటాతో తెరిచి, తర్వాత గణితంలోకి దిగడం మేలు. జీవశాస్త్రం, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివేవాళ్ళకైతే నాకు అనుమానమే లేదు: డేటా, చీట్లు, ఐదు అంకెల చేతి లెక్క, అంతే. యాభై అంకెల పట్టికలు వాళ్ళ నెత్తిన పెట్టకండి.

సిలబస్ మన చేతిలో లేదు, ఒక్క గంట మాత్రమే మార్చగలం అనే ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారు. వాళ్ళు కోరిలేషన్ పాఠం రోజున సూత్రం రాసే ముందు ఆన్‌స్కోంబ్ నాలుగు గ్రాఫ్‌లూ పక్కపక్కన గీసి, ఏ అంకే చెప్పకుండా, "వీటిలో సంబంధం ఎక్కడ ఎక్కువగా ఉంది?" అని అడిగి చూడండి. వాదులాడుకోనివ్వండి. అన్నిటికీ 0.82 అన్న సంగతి ఆ తర్వాత చెప్పండి.